మూతి చూసి చెప్పాలి: గోదావరి, కృష్ణల్లో ఒకేలా కనిపించే చేపలు

వరద తీసిన నాలుగు రోజులకు గోదావరి గట్టున గాలం వేస్తే కిలోంబావు చేప పడిందనుకుందాం. వెండిరంగు ఒళ్లు, కాస్త ఎర్రబడిన రెక్కలు, పెద్ద పొలుసులు. గట్టున ముగ్గురు ఉన్నారు. ఒకాయన శీలావతి అన్నాడు, ఇంకొకాయన రవ్వ అన్నాడు, మూడో ఆయన మోసు అన్నాడు. మొదటి ఇద్దరికీ నిజానికి తగువే లేదు. రోహునే కోస్తాలో శీలావతి అంటారు, తెలంగాణలో రవ్వ అంటారు. మూడో ఆయన చెప్పింది మాత్రం వేరే చేప, మృగాల. వీళ్లలో ఎవరిది ఒప్పో తేల్చడానికి చేప రంగు పనికిరాదు, బరువు పనికిరాదు. చేపను వెల్లకిలా తిప్పి మూతి చూడాలి. చాలామంది చూడనిది అదే.

ఏటి చేపల విషయంలో గందరగోళం రెండు రకాలు. ఒకటి పేర్లతో వచ్చేది, రెండోది ఒంటి పోలికలతో వచ్చేది. ముందు మొదటిదాన్ని పక్కన పెట్టేస్తే రెండోది సగం తేలికవుతుంది.

ఒకే చేపకు రెండు పేర్లుండటం మనకు కొత్త కాదు. సముద్రంలో ఉన్నంతకాలం ఇలస, గోదావరి ఎక్కితే పులస. పుస్తెలమ్మైనా తినాలని జనం చెప్పుకునేది రెండో పేరు గురించే, చేప మాత్రం ఒకటే. దీనికి తలకిందులు పరిస్థితి 'జెల్ల'ది. ఒక్క పేరు కింద అరడజను మీసాల చేపలు చేరిపోతాయి. ఇప్పుడు జెల్ల అనే మాట కూడా తగ్గి, మీసాలున్న ప్రతిదాన్నీ 'క్యాట్‌ఫిష్' అనడం మొదలైంది. దీంతో ఏటి చేపకూ, పెంపకం నిషేధించిన ఆఫ్రికా చేపకూ జనం నోట్లో తేడా లేకుండా పోయింది.

శాస్త్రీయ నామాలైనా స్థిరంగా ఉంటాయా అంటే అదీ లేదు. రోహు, కట్లా, మృగాల మూడింటినీ గంగ చేపల మీద 1822లో వచ్చిన పుస్తకంలో ఫ్రాన్సిస్ హామిల్టన్ వర్ణించాడు. పేర్లు కూడా అక్కడి జనం పిలిచే వాటినుంచే తీసుకున్నాడు. తర్వాత కట్లాకు సొంత ప్రజాతి (దగ్గరి జాతులన్నిటినీ కలిపే గుంపు) ఇచ్చి 'కట్లా కట్లా' అన్నారు, ఇప్పుడు చాలామంది దాన్ని రోహు పక్కనే కూర్చోబెట్టి 'లేబియో కట్లా' అంటున్నారు. మన భాషకూ ఈ జాబితాలో ఒక వాటా ఉంది. విశాఖపట్నంలో పనిచేసిన ప్యాట్రిక్ రసెల్ 1803లో రెండు వందల చేపల బొమ్మలతో పుస్తకం వేస్తూ స్థానికుల పేర్లు కూడా రాసుకున్నాడు. అందులో మన వాలుగ ఉంది. 1851లో డచ్ చేపల శాస్త్రవేత్త బ్లీకర్ ఆ పేరుతోనే 'వల్లాగో' అనే ప్రజాతి పెట్టాడు. ప్రపంచంలో ఎక్కడ ఆ చేప గురించి రాసినా తెలుగు పేరే రాయాలి.

ఇక ఒంటి పోలికలు. కొత్తగా గాలం పట్టినవాళ్లు మొదట చూసేది రంగు. ఏటి చేపల్లో అంత నమ్మలేనిది మరొకటి లేదు. ఎర్ర నీళ్లలో ఉన్న చేప పాలిపోతుంది. నాచు, బండలు ఉన్న మడుగులో అదే జాతి చేప ముదురు రంగుకు తిరుగుతుంది. గాలానికి చిక్కి పెనుగులాడేటప్పుడు ఒక రంగు, గంటసేపు సంచిలో పడున్నాక ఇంకో రంగు. ఈనే కాలంలో మగ చేపల వేషమే మారిపోతుంది. మొజాంబిక్ తిలాపియా మగది ఆ సమయంలో దాదాపు నల్లగా అయి, గొంతు తెల్లబడి, రెక్కల అంచులు ఎర్రబడితే అది వేరే జాతి అని ఒట్టేసి చెప్పేవాళ్లు ఉంటారు. రవ్వలోనూ, బొచ్చెలోనూ (కట్లానే బొచ్చె అంటారు) వానాకాలంలో మగదాని ఛాతీ రెక్కను వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది, ఆడదానిది నున్నగా ఉంటుంది. అది ఆడా మగా తేడా, జాతి తేడా కాదు.

మూతి అలా మారదు. ఎందుకంటే చేప మూతి దాని బతుకుదెరువు. నీటిపైన తేలే సూక్ష్మజీవులను వడగట్టి తినే చేప మూతి పైకి తిరిగి ఉంటుంది. నడిమి నీటిలో, రాళ్లకు పట్టిన నాచును గీకే చేప మూతి కాస్త కిందికి దిగి, పెదవులు మందంగా ఉంటాయి. అడుగున బురదలో రాలిపడింది ఏరుకునే చేపకు మూతి అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. బొచ్చె, రవ్వ, మోసు మూడింటినీ ఒకే చెరువులో కలిపి పెంచడానికి కారణం ఇదే. ఒకటి పైన, ఒకటి మధ్యన, ఒకటి అడుగున తింటాయి కాబట్టి తిండి దగ్గర పెద్దగా పోటీ ఉండదు. చెరువు రైతుకు పనికొచ్చే ఈ లెక్కే గాలం పట్టినవాడికీ పనికొస్తుంది.

రవ్వా, మోసా?

ఈ రెండూ చేతిలో ఉన్నప్పుడు మూతి కింద బొటనవేలు పెట్టి, పెదవిని నెమ్మదిగా కిందికి లాగి చూడండి. రవ్వకు కింది పెదవి మందంగా, మెత్తగా ఉండి అంచున కుచ్చుల్లాంటి చిన్న చిన్న చీలికలు కనిపిస్తాయి. చీర కొంగు చివర వేసే కుచ్చు గుర్తొస్తుంది. పై పెదవి, కింది పెదవి మూల దగ్గర కలిసిపోయి మూతి చుట్టూ ఒక వలయంలా తిరుగుతాయి. ముట్టె మూతిని దాటి కాస్త ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.

మోసుకు ఆ కుచ్చు ఉండదు. పై పెదవి సన్నగా, నున్నగా, ఒకే గీతగా ఉంటుంది. కింది పెదవి ఉందా లేదా అన్నట్టుంటుంది. కింది నుంచి చూస్తే మూతి కత్తితో అడ్డంగా ఒక్క కోత కోసినట్టు తిన్నగా, వెడల్పుగా కనిపిస్తుంది. ఒళ్లు కూడా రవ్వ కంటే సన్నగా, సాగినట్టు ఉంటుంది, కానీ కడుపు నిండిన మోసు, ఎండిన రవ్వ పక్కపక్కన పెడితే ఈ తేడా తారుమారవుతుంది. అందుకే ఒంటి వాటాన్ని రెండో సాక్షిగానే వాడుకోవాలి.

మీసాల సంగతికొస్తే రెండింటికీ చిన్నవే, ఒక్కో జతే. రవ్వకు మూతి మూలలో మడతలో దాక్కుని ఉంటాయి. మోసుకు ముట్టె దగ్గర పొట్టిగా ఉంటాయి. చాలామంది 'మీసాల్లేవు కాబట్టి ఇది ఫలానా' అని తేల్చేసేది ఇక్కడే. లేకపోవడం కాదు, కనపడకపోవడం. అగ్గిపుల్లతో మడత తీసి చూస్తేనే తెలుస్తుంది.

అసలు చిక్కు ఈ రెండింటితో కాదు, వాటి బంధువులతో. మోసుకు దగ్గర చుట్టం రెబా. అడుగు పొడవు దాటడమే గొప్ప. చిన్న మోసును, పెరిగిన రెబాను పక్కపక్కన పెడితే అనుభవం ఉన్నవాళ్లు కూడా ఒక క్షణం ఆగుతారు. రవ్వకేమో దక్షిణాది నదుల్లో లేబియో ఫింబ్రియాటస్ అనే జ్ఞాతి ఉంది. పెదవుల కుచ్చు దానికీ ఉంది, పొలుసుల మధ్యలో ఎరుపు ఛాయ దానికీ ఉంది. రవ్వగా పొరబడటానికి కావలసినవన్నీ ఉన్న చేప. ఇక్కడ మూతి ఒక్కటే చాలదు, వీపు రెక్కలో పుల్లలు లెక్కపెట్టాలి.

ఇది వినడానికి లాబొరేటరీ పనిలా ఉంటుంది కానీ రెండు నిమిషాలు కూడా పట్టదు. చేపను తడి గుడ్డ మీద పక్కకు పడుకోబెట్టి, వీపు రెక్క ముందరి పుల్లను పట్టుకుని విసనకర్ర విప్పినట్టు రెక్కను విప్పాలి. వెలుతురుకు ఎదురుగా పెడితే పుల్లలు విడివిడిగా కనిపిస్తాయి. ముందున్న రెండు మూడు పుల్లలు చీలకుండా ఒంటిగా ఉంటాయి, వాటిని వదిలేయాలి. ఆ తర్వాత చివర్లో కొమ్మల్లా చీలిన పుల్లలను మాత్రమే లెక్కించాలి. ఆఖరున ఒకే మొదలు నుంచి వచ్చినట్టు రెండు పుల్లలు కనిపిస్తే వాటిని ఒకటిగానే లెక్కేయాలి. ఎనిమిది, తొమ్మిది దగ్గర ఆగితే రెబా. పన్నెండు, పదమూడు వస్తే మోసు గానీ రవ్వ గానీ, అప్పుడు మూతిని అడగాలి. పదహారు, పదిహేడు దాకా పోతే రవ్వ కాదు, ఫింబ్రియాటస్. దానికి మీసాలు కూడా రెండు జతలు.

రెండు జతల మీసాలు, పెదవుల కుచ్చు ఉండి ఒళ్లంతా బొగ్గులా నల్లగా ఉంటే అది నల్లగండుమీను, శాస్త్రంలో కాల్బాసు. రంగును నమ్మొద్దని ఇంత చెప్పాక రంగు పనికొచ్చే చేప ఇదొకటి ఉందని ఒప్పుకోక తప్పదు. దానికి మీసాలు కూడా నల్లగానే ఉంటాయి.

రెబాకు ఇంకో గుర్తు ఉంది. పక్క గీతకు (ఒంటి పక్కన మొప్ప నుంచి తోక దాకా సాగే గీతకు) పైన పొలుసుల అంచులు కలిసి నీలంగా, సన్నని చారల్లా ఒంటి పొడవునా సాగుతాయి. తాజా చేపలోనే ఇది బాగా తెలుస్తుంది. పక్క గీత మీది పొలుసులను మొప్ప మూత వెనక నుంచి తోక మొదలు దాకా లెక్కపెట్టే ఓపిక ఉంటే రెబాకు 34 నుంచి 38, మోసుకు 40 పైన వస్తాయి. పుల్లల లెక్క తేలిపోయాక దీని అవసరం పెద్దగా ఉండదు.

బొచ్చె లాంటివి, బంగారు తీగ లాంటివి

బొచ్చెను గుర్తుపట్టలేనివాళ్లు తక్కువ. పెద్ద తల, పైకి తిరిగిన పెద్ద నోరు, ముందుకొచ్చిన కింది దవడ, మీసాలు అసలే లేకపోవడం. దాంతో కలిసిపోయేది వెండి చేప, అంటే సిల్వర్ కార్ప్. అదీ పైనీటి చేపే, దానికీ పెద్ద తలే. 1959లో జపాన్ నుంచి మన దేశానికి వచ్చింది. రెండు చూపుల్లో తేలిపోతుంది. ఒకటి, కన్ను. వెండి చేప కన్ను తల మధ్యగీతకు కిందకు జారిపోయి ఉంటుంది. తల్లకిందులుగా పెట్టారేమో అనిపిస్తుంది. రెండు, పొలుసు. బొచ్చె పొలుసు రూపాయి బిళ్లంత ఉంటే వెండి చేపది మిరపగింజంత. పక్క గీత మీద బొచ్చెకు 40, 43 మధ్య వస్తే దీనికి వంద దాటుతుంది. అనుమానం ఉంటే పొట్ట కింద వేలు నిలువుగా రాయాలి. గొంతు నుంచి మలద్వారం దాకా కత్తి వాదరలాంటి గీర తగిలితే వెండి చేప. దాని తమ్ముడు బిగ్‌హెడ్‌కు ఆ గీర సగం నుంచే మొదలవుతుంది.

గడ్డి చేపను, అంటే గ్రాస్ కార్ప్‌ను, కొందరు పెద్ద మోసు అంటారు. దుంగలాంటి గుండ్రటి ఒళ్లు, మీసాలు లేవు, వీపు రెక్క పొట్టిది, చీలిన పుల్లలు ఏడే. మోసుతో కలపడానికి కారణం వెండి రంగు తప్ప మరేం లేదు.

బంగారు తీగ కథ కాస్త పెద్దది. అది కామన్ కార్ప్. మన దేశానికి రెండు విడతల్లో వచ్చింది, 1939లో నీలగిరుల చల్లటి నీళ్లకు ఒక రకం, 1957లో మైదానాల కోసం బ్యాంకాక్ నుంచి మరో రకం. తెలంగాణలో చెరువుల్లో ఏటా వదిలే పిల్లల్లో ఇది మామూలే కాబట్టి అలుగు పారినప్పుడల్లా వాగుల్లోకి, అక్కడినుంచి మానేరు, మంజీరల్లోకి చేరుతుంది. బంగారు రంగు ఉన్న ప్రతి చేపనూ బంగారు తీగ అనడం, రంగు పోయిన బంగారు తీగను రవ్వ అనడం రెండూ జరుగుతాయి. దీన్ని రుజువు చేసేది వీపు రెక్క మొదట్లో ఉన్న ముల్లు. వెనక అంచున రంపపు పళ్లుంటాయి. గుడ్డతో పట్టుకుని వేలితో వెనక్కి రాస్తే గోరుకు చిక్కుతుంది. పొట్ట చివర మలద్వారం వెనకున్న రెక్కకు కూడా అలాంటి ముల్లే ఉంటుంది. మన దేశపు రవ్వ, మోసు, బొచ్చెల్లో దేనికీ అది లేదు. మీసాలు రెండు జతలు, నోరు గొట్టంలా బయటికి సాగుతుంది. అడుగు బురదను కుళ్లగించి తినే చేప కదా.

అమెరికాలో ఇదే చేపతో ఇంకో రకం తప్పు జరుగుతోంది. అక్కడ వేటగాళ్లు ట్రౌట్, బాస్ లాంటి వాటిని 'గేమ్ ఫిష్' అని గౌరవించి, మిగతావాటిని 'రఫ్ ఫిష్' అని ఒక మూలకు నెట్టేశారు. ఆ మూలలో బయటినుంచి వచ్చిన కామన్ కార్ప్ ఉంది, అక్కడి నదుల్లోనే పుట్టి పెరిగిన బిగ్‌మౌత్ బఫెలో కూడా ఉంది. దూరం నుంచి రెండూ ఒకేలా కనిపిస్తాయి, పెద్ద పొలుసులు, బరువైన ఒళ్లు, పొడవాటి వీపు రెక్క. తేడా చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది. బఫెలోకు మీసాలు లేవు, రంపపు ముల్లు లేదు. నోరు మన బొచ్చె నోరులా ముందుకు ఉంటుంది. మిసిసిపి వైపు నదుల్లో గాలం వేసే తెలుగువాళ్లు ఈ చేపను చూసి బొచ్చె అనుకుంటే తప్పేమీ పట్టలేం. ఈ 'పనికిరాని' చేప వయసు ఎంతుంటుందో 2019 దాకా ఎవరికీ సరిగా పట్టలేదు. చేప చెవి లోపల రాయిలా పెరిగే చిన్న ఎముకల్లోని వలయాలు లెక్కపెట్టి చూస్తే ఒక చేపకు 112 ఏళ్లు తేలాయి. కార్ప్ అనుకుని ఎన్ని శతాధిక వృద్ధులను బాణాలతో కొట్టి గట్టున పారేశారో లెక్క తేలేది కాదు.

మీసాల చేపల్లో మీసం సాక్ష్యం చాలదు

మనవాళ్లు అన్నిటికంటే ఎక్కువ తడబడేది ఇక్కడ. తడబడితే నష్టం కూడా ఇక్కడే ఎక్కువ, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి.

మొదట చేప వీపు మీద చూడాలి. ముందున్న రెక్క తర్వాత, తోకకు ముందు, పుల్లలు లేకుండా కొవ్వుతో చేసినట్టు మెత్తటి రెక్క ఉందా? ఉంటే జెల్ల గానీ పంగాస్ గానీ. లేకపోతే వాలుగ, దమ్మ, మార్పు, ఇంగిలాయిల్లో ఒకటి.

జెల్లకు ఆ కొవ్వు రెక్క చివర గుండ్రటి నల్ల మచ్చ ఉంటుంది. మీసాలు నాలుగు జతలు. గోదావరిలో జెల్లలు ముఖ్యంగా రెండు, సీంఘాలా, ఏఓర్. పై దవడ మీసాన్ని వెనక్కి లాగి ఒంటి మీద పరచాలి. తోక మొదలు దాకా అందితే ఏఓర్. అంతకు చాలా ముందే ఆగిపోతే సీంఘాలా. సీంఘాలాకు ముట్టె గరిటెలా వెడల్పుగా, చదునుగా ఉంటుంది. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఇంతకంటే సులువైన పద్ధతి లేదు.

పంగాస్‌కు మీసాలు రెండే జతలు. చెరువుల్లో పెంచే పంగాస్ వియత్నాం వైపుది, 1990ల్లో బంగ్లాదేశ్ మీదుగా మన దేశానికి వచ్చింది. వరదలకు చెరువు కట్టలు తెగినప్పుడు ఏట్లో పడుతుంది. మన నదుల్లో ఎప్పటినుంచో ఉన్న పంగాస్‌ను దానినుంచి విడదీయాలంటే పొట్ట రెక్కలో పుల్లలు లెక్కపెట్టాలి. దేశవాళీదానికి ఆరు, పెంపుడు చేపకు ఎనిమిది, తొమ్మిది.

వాలుగను చూసి దమ్మ అన్నా, దమ్మను చూసి పిల్ల వాలుగ అన్నా కోపం తెచ్చుకోనక్కర్లేదు. పొడవాటి, నున్నటి, పొలుసుల్లేని ఒళ్లు, పొట్ట కింద తోక దాకా సాగే రెక్క, రెండు జతల మీసాలు, రెండింటికీ ఒకటే. నోరు తెరవకుండా, పక్కనుంచి నోటి మూల ఎక్కడిదాకా పోయిందో చూడాలి. వాలుగ నోరు కన్ను దాటి వెనక్కి పోతుంది. తల సగం చీలినట్టుంటుంది. లోపల పళ్లు సూదుల వరుసలు, వేలు పెట్టి చూడొద్దు. దమ్మ నోరు చిన్నది, కన్ను దాకా కూడా రాదు. మొప్ప వెనక, ఛాతీ రెక్కకు పైన ఒక నల్ల మచ్చ ఉంటుంది.

ఇక మార్పు, ఇంగిలాయి. రెండింటికీ నాలుగేసి జతల మీసాలు, గుండ్రటి తోక, నీటి బయట చాలాసేపు బతికే శక్తి. వీపు రెక్క చూస్తే చాలు. మార్పుకు తల వెనక మొదలై తోక దగ్గర దాకా పోతుంది. ఇంగిలాయికి వీపు మీద చిన్న జెండా ముక్కలా ఉంటుంది, ఆరేడు పుల్లలకు మించదు. పట్టుకునే ముందే చూడాలి, ఎందుకంటే ఇంగిలాయి ఛాతీ రెక్క ముల్లులో విషం ఉంటుంది. గుచ్చుకుంటే చెయ్యి గంటల తరబడి సలుపుతుంది. కోనసీమ పొలాల్లో పెరిగినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు.

ఇప్పుడు అసలైన చిక్కు. మన మార్పుకూ, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌కూ వాటం ఒకటే: పొడవాటి వీపు రెక్క, చదును తల, నాలుగు జతల మీసాలు. దేశంలో ఆ ఆఫ్రికా చేప పెంపకాన్ని నిషేధించారు, ఎక్కడైనా దొంగచాటుగా పెంచుతుంటే అధికారులు చెరువులు గాలించి పూడ్చిపెడుతుంటారు. అయినా ఏట్లో పడటం ఆగలేదు. పెద్దది పడితే సందేహమే లేదు. మన మార్పు మూరెడు పెరగడమే గొప్ప, ఆఫ్రికాది నాలుగడుగులు దాటగలదు. కిలో, రెండు కిలోల మార్పు దొరికిందని ఎవరైనా సంబరపడితే ముందు అనుమానించాల్సింది అదే. ఆఫ్రికా చేప ఒళ్లు బూడిద, నలుపు కలిసి పాలరాయి మీద మరకల్లా ఉంటుంది, మార్పుది గోధుమ రంగులో దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. కానీ జానెడు పిల్లల దగ్గర ఈ గుర్తులేవీ గట్టిగా నిలబడవు. అక్కడ తలపుర్రె వెనక ఎముక ఆకారం కొలిచి చూసేవాళ్లే చెప్పగలరు. ఫొటో చూసి అదే అని తేల్చేవాళ్లను నమ్మకపోవడం మంచిది.

కొర్రమీను ఇంట్లో ముగ్గురు

కొర్రమీను తెలంగాణ రాష్ట్ర చేప. మృగశిర నాడు హైదరాబాద్‌లో చేప మందుతో మింగించేది కూడా దీని పిల్లనే. దీని పేరు మీద అమ్ముడుపోయేవి మాత్రం మూడు. కొర్రమీను, పూమీను, మట్టగిడస. మూడింటికీ పాము తలే, పొడవాటి వీపు రెక్కే.

పెద్దవైతే సమస్య లేదు. పూమీనుకు పక్కన నల్లటి మచ్చలు, వాటి మీద ముత్యాలు చల్లినట్టు తెల్లటి చుక్కలు ఉంటాయి, గజం పొడవు దాటి పెరుగుతుంది. మట్టగిడస జానా బెత్తెడులో ఆగిపోతుంది. చిన్నప్పుడే తంటా. పిల్లల్లో కంటి లాంటి నల్ల మచ్చ ఒకటి కనిపిస్తుంది, దాన్ని చూడగానే చాలామంది పూమీను అనేస్తారు. అది ఎక్కడుందో చూడాలి. తోక మొదట్లో, నారింజ వలయంతో ఉంటే పూమీను. వీపు రెక్క చివర్లో ఉంటే కొర్రమీను పిల్ల, పెరిగేకొద్దీ ఆ మచ్చ మాయమవుతుంది. అదీ తేలకపోతే మళ్లీ పుల్లల లెక్కే శరణ్యం. వీపు రెక్కలో మట్టగిడసకు సుమారు 30, కొర్రమీనుకు 40, పూమీనుకు 50. అటూ ఇటూ నాలుగైదు తేడా ఉన్నా ఒకదానిలో ఒకటి కలిసిపోవడం అరుదు.

తిలాపియా గురించి రెండు మాటలు చాలు. పక్క గీత మధ్యలో తెగి రెండు ముక్కలుగా ఉంటే తిలాపియా. తోక మీద నిలువు గీతలు క్రమంగా, పలకపై గీసినట్టుంటే నైలు రకం, లేకపోతే 1952లో వచ్చిన మొజాంబిక్ రకం కావచ్చు. రెండూ కలిసి పిల్లలు పెడతాయి కాబట్టి మధ్యరకాలూ ఉంటాయి. చెరువుల్లో పెంచే రూప్‌చంద్ పడితే పిరానా దొరికిందని టెన్షన్ పడేవాళ్ల కోసం ఒక్క మాట. నోరు తెరిచి చూస్తే దాని పళ్లు మనిషి దవడ పళ్లలా చదునుగా ఉంటాయి, రంపంలా కోసుగా ఉండవు.

ఫొటో తీసేటప్పుడు చేసే పొరపాటు కూడా గుర్తుపట్టడాన్ని చెడగొడుతుంది. చేపను ముందుకు చాచి, నవ్వుతూ తీసిన ఫొటోలో బరువు కనిపిస్తుంది, జాతి కనిపించదు. మూడు ఫొటోలు కావాలి. మూతి మూసి తలను పక్కనుంచి, మూతిని కిందినుంచి, వీపు రెక్క విప్పి పట్టుకుని. పక్కన స్కేలు లేకపోతే అగ్గిపెట్టె పెట్టినా సరిపోతుంది. చేపను తిరిగి వదిలేసేవాళ్లకు ఇదంతా నిమిషంలో అయిపోవాలి, చేతులు తడిపి పట్టుకోవాలి.

ఇన్ని గుర్తులు చూసినా ఒక్కోసారి సమాధానాలు ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయి. దానికి కారణం చేప కాదు, మనం. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి బృందం పిట్యూటరీ గ్రంథి రసం ఎక్కించి కార్ప్ చేపల చేత ఈనించగలిగింది. మన దేశంలో చేపల రైతుల దినోత్సవం ఆ తేదీనే. అప్పటిదాకా వరద నీళ్లలో ఏరుకొచ్చిన పిల్లలే దిక్కైన రైతుకు ఇది పెద్ద ఊరట. కానీ ఒకే తొట్టిలో రెండు జాతుల తల్లి చేపలను కలిపి ఈనిస్తే గుడ్లు, వీర్యం కలగలిసి సంకరాలు పుడతాయి. రవ్వ, బొచ్చెల సంకరానికి రవ్వ కంటే వెడల్పాటి ఒళ్లు, బొచ్చె కంటే చిన్న తల. అది గొడ్రాలు కూడా కాదు, పెరిగి మళ్లీ పిల్లలు పెడుతుంది. అలాంటి పిల్లలు చెరువుకు, చెరువునుంచి అలుగు దాటి ఏటికి చేరతాయి.

మూతి కొద్దిగా పైకి తిరిగి ఉంటుంది, కానీ బొచ్చె అనేంత కాదు. పెదవి లాగి చూస్తే కుచ్చు ఉంది, కానీ అరకొరగా. పుల్లలు లెక్కపెడితే రెండు జాతులకూ సరిపోయే అంకె వస్తుంది. అలాంటి చేప చేతికొచ్చినప్పుడు గట్టున ఉన్న ముగ్గురూ మూడు మాటలు చెప్పినా ఎవరినీ తప్పుపట్టలేం. నోటుబుక్కులో రెండు పేర్ల మధ్య అడ్డగీత పెట్టి 'బొచ్చె - రవ్వ, రెండు కిలోలు, ఆనకట్ట దిగువ' అని రాసుకుని, మూతి ఫొటో పక్కన అంటించుకోవడమే.